సోలార్ జాకీని ఎటు తిప్పి బిగించాలి?

(సైన్సు పేజీ. రాసినది: 9వ తరగతి విద్యార్థిని)

ఈసారి సైన్సు పేజీ నాకిచ్చారు. మన పుస్తకంలో లేని వస్తువు గురించి రాస్తున్నాను. దాని ఇంగ్లీషు పేరు లీనియర్ యాక్చుయేటర్. పేరు చూసి పక్క పేజీకి పోకండి. మా ఊళ్లో దాన్ని సోలార్ జాకీ అంటారు. నేనూ అలాగే రాస్తాను.

జాకీ మీరందరూ చూసినదే. అనకాపల్లి దగ్గర హైవే మీద బెల్లం లారీ టైరు పంచరయితే క్లీనరు కింద జాకీ పెట్టి హేండిల్ తిప్పుతాడు. చెయ్యి తిరిగేది గుండ్రంగా, లారీ లేచేది తిన్నగా పైకి. చెరువు తూము మీద ఇనప చక్రం తిప్పితే తలుపు లేచేది కూడా అంతే. రెండింటి లోపలా ఉన్నది మర. ఒక బోల్టు, నట్టు తీసుకోండి. నట్టు తిరక్కుండా వేళ్లతో గట్టిగా పట్టుకుని బోల్టు తిప్పండి. నట్టు బోల్టు మీద నడుస్తుంది. నట్టును వదిలేస్తే అదీ బోల్టుతోపాటు తిరుగుతుంది గాని ఎక్కడికీ నడవదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కిందికెళ్లాక పనికొస్తుంది.

సోలార్ జాకీలో చేతికి బదులు చిన్న కరెంటు మోటారు ఉంటుంది. మోటారు పళ్లచక్రాలను తిప్పుతుంది, పళ్లచక్రాలు మరను తిప్పుతాయి, మర మీద నట్టు నడుస్తుంది. నట్టుకి ఒక మెరిసే కడ్డీ తగిలించి ఉంటుంది. అది గొట్టంలోంచి బయటికొస్తుంది, లోపలికెళ్తుంది. మోటారుకి వచ్చే రెండు వైర్లనూ అటుదిటు ఇటుదటు మార్చి కలిపితే కడ్డీ వెనక్కి నడుస్తుంది. కరెంటు పోతే ఉన్నచోటే ఆగుతుంది. మీద బరువు పడినా వెనక్కి జారదు, లారీ జాకీ జారదు చూడండి, అలాగ. ఆస్పత్రిలో తలవైపు లేచే కరెంటు మంచాల కింద ఇదే ఉంటుంది. పాతరోజుల్లో కేబుల్ టీవీ వాళ్ల పెద్ద డిష్షులను ఒక ఉపగ్రహం నుంచి ఇంకో ఉపగ్రహం వైపు తిప్పడానికి కూడా ఇదే వాడేవారని మా ఫిజిక్సు సారు చెప్పారు.

మా ఊరికి దీనితో పనేమిటంటే, తాగే నీళ్లు. ఊరు కొండ మీద, నీళ్లు కింద గెడ్డ పక్కన బోరులో. ఆ నీళ్లు సోలార్ మోటారుతో పైన ట్యాంకుకి ఎక్కుతాయి. ఒక ఇనప స్తంభం, దాని నెత్తి మీద ఉత్తరం నుంచి దక్షిణానికి పడుకోబెట్టిన పైపు, ఆ పైపు మీద తూర్పు పడమరలకు ఊగే చట్రం, చట్రం మీద ప్యానెళ్లు. చాలా చోట్ల ఇలాంటి చట్రాన్ని మనిషే పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం తిప్పుతాడు. మా ఊరిదానికి జాకీ పెట్టారు. పొద్దున్న తూర్పుకి 45 డిగ్రీలు వంగి ఉంటుంది, సాయంత్రానికి పడమటికి 45 డిగ్రీలు వంగుతుంది. రాత్రంతా పడమటికే ఉండి, తెల్లారి వెలుగొచ్చాక తూర్పుకి తిరుగుతుంది.

2024 వానల్లో అది తిరగడం మానేసింది. పడమటికి చూస్తూ నిలబడిపోయింది. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుందని సోషల్లో చదువుకున్నాం కదా. ఆ లెక్కన మధ్యాహ్నానికి మూడు గంటల ముందు, అంటే తొమ్మిదికి, సూర్యుడు నడినెత్తికి తూర్పున 45 డిగ్రీల దూరంలో ఉంటాడు. మా ప్యానెల్ ముఖం పడమటికి 45. రెండూ కలిపితే 90. అంటే తొమ్మిదిదాకా ఎండ ప్యానెల్ వీపుకే తగులుతుంది. తొమ్మిది దాటాక కూడా ఏటవాలుగా పడేది కాస్తే. పదీ పదకొండు అయితేగాని మోటారు నీళ్లు ఎత్తేది కాదు, ఈలోగా కొండ మీదికి మబ్బు వచ్చేసేది. ట్యాంకు నిండలేదు. మా అమ్మ, వదిన మళ్లీ ఊట దగ్గరికి బిందెలతో నడిచారు. వదినకి అప్పుడు ఏడో నెల. ఆమె చెయ్యలేని ఖేపులు మా చెల్లి చేసింది. మా ఊరి బడిలో ఐదో తరగతి అది. ఆ రెండు నెలలూ పొద్దున్నపూట హాజరు లేదు. మా ఇంట్లో చదువుకున్న వాళ్లలో మొదటిదాన్ని నేను, రెండోది అది. అందుకే ఈ జాకీ సంగతి నాకు పట్టింది.

దసరా సెలవులకి నేను ఊళ్లో ఉండగా మెకానిక్ వచ్చాడు. కొత్త జాకీ తెచ్చాడు. పాతదాన్ని విప్పి చూపించాడు. కడ్డీ విల్లులాగ వంగిపోయింది. గొట్టంలోంచి తుప్పు నీళ్లు గ్లాసెడు కారాయి. "పాతదాన్ని ఎలా బిగించారో దీన్నీ అలాగే బిగిస్తే వచ్చే వానలకి ఇదీ పోతాది అమ్మా" అన్నాడు. కొత్త సామాను వస్తే చాలనుకుని ఊరి పెద్దలు అప్పటికే వెళ్లిపోతున్నారు. ఆ మాటకి మళ్లీ వెనక్కొచ్చారు. మొదట బిగించినది ఎవరో మాకు తెలీదు, ఇక్కడ అది వద్దు. అది ఎలా బిగించి ఉంది, ఎందుకు పాడయింది, ఇదే చెప్తాను.

ముందు వంకర సంగతి. జాకీ కడ్డీకి నిలువునా తొయ్యడం, లాగడం తప్ప వేరే పని చేతకాదు. పక్కనుంచి నొక్కితే తట్టుకోలేదు. పొడుగ్గా బయటికొచ్చి ఉన్నప్పుడైతే మరీను. మన వెదురు నిచ్చెన కర్ర చూడండి, నిలబెడితే మనిషిని మోస్తుంది, రెండు చివర్లా ఆనించి నడుం మీద కూర్చుంటే వంగుతుంది. అందుకే జాకీకి రెండు చివర్లా కన్నాలుంటాయి. వాటిలో పిన్ను వేస్తే జాకీ కొంచెం అటూ ఇటూ ఊగగలదు. మా ఊళ్లో కింది చివర పిన్ను లేదు, జాకీని స్తంభానికి పట్టీ వేసి వెల్డింగు కొట్టేశారు. గట్టిగా ఉంటుందని అనుకుని ఉంటారు. కాని చట్రం గుండ్రంగా ఊగుతుంటే జాకీ ఒకే వాలులో ఎలా ఉంటుంది? ఎంత ఊగాలో నేను బొమ్మ గీసి కొలిచాను. మీరూ చెయ్యొచ్చు, కంపాస్ బాక్సు చాలు.

అట్ట ముక్కలు రెండు కత్తిరించండి. ఒకటి స్తంభం, ఇంకోటి చట్రం. గుండుసూదితో రెండింటినీ కలిపిన చోటు పైపు. స్తంభం మీద ఆ సూది నుంచి 6 సెంటీమీటర్లు కిందికి ఒక చుక్క, చట్రం మీద సూది నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో ఒక చుక్క పెట్టండి. రెండు చుక్కల మధ్య దారమే జాకీ. 1 సెంటీమీటరుని 10గా లెక్కపెట్టండి, మా ఊరి కొలత వస్తుంది: 60, 20. ఇప్పుడు కోణమానినితో చట్రానికీ స్తంభానికీ మధ్య 45, 90, 135 డిగ్రీలు పెట్టి దారం కొలవండి. నాకు 48, 63, 75న్నర సెంటీమీటర్లు వచ్చాయి. అంటే కడ్డీ 27న్నర సెంటీమీటర్లు నడవాలి.

అదే బొమ్మలో దారానికీ స్తంభానికీ మధ్య కోణం చూడండి. చట్రం తిన్నగా ఉన్నప్పుడు 18 డిగ్రీల పైన ఉంటుంది, కడ్డీ పూర్తిగా బయటికి వచ్చినప్పుడు 11 దగ్గర. ఏడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. 75 సెంటీమీటర్ల పొడవు మీద ఏడు డిగ్రీల పైచిలుకు అంటే చివర సుమారు 10 సెంటీమీటర్లు. వెల్డింగు ఆ 10 సెంటీమీటర్లూ కదలనివ్వకపోతే ఇంకేదో కదలాలి. కడ్డీ వంగింది. రోజుకి ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఎన్నాళ్లు ఆగుతుంది పాపం!

రెండోది బలం సంగతి, నాకు అన్నింటికన్నా నచ్చింది ఇదే. తలుపుని గొళ్లెం దగ్గర తోస్తే ఒక వేలితో కదులుతుంది, బందు దగ్గర తోస్తే రెండు చేతులూ చాలవు. జాకీ కూడా చట్రాన్ని తలుపులాగే తోస్తుంది. ఎంత సుళువుగా తోస్తుందో తెలియాలంటే గుండుసూది నుంచి దారం మీదికి మూలమట్టంతో లంబం గీసి కొలవాలి. నాకొచ్చినవి: కడ్డీ లోపల ఉన్నప్పుడు 18 సెంటీమీటర్లు, చట్రం తిన్నగా ఉన్నప్పుడు 19, కడ్డీ పూర్తిగా బయట ఉన్నప్పుడు 11. జాకీ అదే, పిన్నులూ అవే, కాని చివరికొచ్చేసరికి దానికి పట్టు తగ్గిపోయింది. 19 దగ్గర 100 కిలోల తోపుతో అయ్యే పనికి 11 దగ్గర 170 కిలోలు కావాలి.

మరయితే చట్రం మీద పిన్నుని ఇంకా దూరంగా పెడితే పట్టు పెరుగుతుంది కదా అని మీరు అడగొచ్చు. పెట్టి చూడండి. 20కి బదులు 40. చట్రం తిన్నగా ఉన్నప్పుడు పట్టు 33 వస్తుంది. కాని దారం 42న్నర నుంచి 92న్నర దాకా వెళ్తుంది, అంటే కడ్డీ 50 నడవాలి. మొత్తం ముడిచినా 42న్నరే ఉండే గొట్టంలో 50 సెంటీమీటర్ల కడ్డీ ఎక్కడ దాక్కుంటుంది? ఇలాంటి జాకీలో అది కుదరదు. దగ్గరగా, 10లో పెడితే కడ్డీ 14 నడిస్తే చాలు, కాని పట్టు 10కి పడిపోతుంది. ఇది చెప్తే మా తాత వెంటనే అందుకున్నాడు. ఆయన చిన్నప్పుడు అనకాపల్లి వైపు చెరకు నరకడానికి, బెల్లం వండే పనికి దిగేవాడు. "ఏతామే కదేటి. బరువుకి దగ్గరికి జరిగితే బరువెక్కుద్ది, దూరం జరిగితే చెయ్యి ఎక్కువ నడవాలి" అన్నాడు. నేను అట్టముక్కలతో రెండు రోజులు చేసింది ఆయనకి ముందే తెలుసు! అక్షరం రాదు తాతకి.

ఇక మూడోది, ఏ పక్కన బిగించాలి. పాతదాన్ని స్తంభానికి తూర్పు పక్కన పెట్టారు. చట్రం పడమటికి వంగినప్పుడు తూర్పు పక్క పైకి లేస్తుంది, అంటే సాయంత్రం కడ్డీ పూర్తిగా బయట ఉంటుంది. పట్టు తక్కువగా ఉండేది అప్పుడే. మన కొండల్లో వేసవి గాలివానలు ఎప్పుడొస్తాయి? చైత్రం, వైశాఖం మధ్యాహ్నాలు దాటాకే కదా, మామిడికాయలన్నీ రాల్చేసేవి. వంగి ఉన్న ప్యానెల్‌కి గాలి తెరచాపకి తగిలినట్టు తగులుతుంది. ఆ విసురంతా 11 సెంటీమీటర్ల పట్టు మీద, వంగిన కడ్డీ మీద పడుతుంది. పైగా రాత్రంతా పడమటికే ఉంటుంది కాబట్టి రాత్రంతా కడ్డీ వానలో బయటే ఉంటుంది. కడ్డీ మొన పైకి ఉంది. మీద పడ్డ నీరు కడ్డీ వెంట జారి గొట్టం మూతి దగ్గర నిలుస్తుంది. అక్కడ రబ్బరు చుట్టు ఉంటుంది గాని రోజూ రాపిడికి అరుగుతుంది. తర్వాత నీరు లోపలికే. కింద నీరు పోవడానికి కంపెనీవాళ్లు పెట్టిన చిన్న కన్నం ఒకటి ఉంది. దాన్ని పెయింటుతో మూసేశారు. తుప్పు నీళ్లు గ్లాసెడు ఎందుకొచ్చాయో ఇప్పుడు తెలిసిందా.

మెకానిక్ ఏం చేశాడంటే, జాకీని పడమటి పక్కకి మార్చాడు. ఇప్పుడు కడ్డీ బయటికొచ్చేది పొద్దున్న. గాలివాన వేళకీ, రాత్రికీ కడ్డీ లోపల ఉంటుంది, పట్టు 18. ఒక్క పక్క మార్చినందుకు గాలికీ వానకీ రెండింటికీ మందు దొరికింది. ఇది చూసి నేను నోరు తెరిచేశాను.

కాని పక్క మారిస్తే ఒక చిక్కు. కడ్డీ బయటికొస్తే ముందు చట్రం పడమటికి వంగేది, ఇప్పుడు తూర్పుకి వంగుతుంది. అలాగే వదిలేస్తే సూర్యుడు పడమటికి పోతుంటే ప్యానెల్ తూర్పుకి పోతుంది. దానికి చెయ్యాల్సింది చిన్నదే. మోటారు వైర్లు రెండూ అటూ ఇటూ మార్చడం. మొదట చెప్పాను కదా.

తర్వాత జాకీని తలకిందులు చేశాడు. మోటారు వైపు చట్రం పిన్నుకి, కడ్డీ మొన కింద స్తంభం పిన్నుకి. ఏ జాకీనైనా ఇలా తిప్పెయ్యకూడదట, దాని కాగితంలో ఏ వాలులో బిగించొచ్చో బొమ్మ ఉంటుంది, ముందు అది చూడాలి. ఈ కాగితంలో రెండు వైపులా బొమ్మ ఉంది. ఇప్పుడు నీరు కడ్డీ మొన వైపుకే జారి కిందపడుతుంది. మోటారుకి ప్యానెలే గొడుగు. నీరు పోయే కన్నాలు రెండు ఉన్నాయి, వాటికి రబ్బరు బిరడాలు. తలకిందులైతే ఏది కిందికొస్తుందో దాని బిరడా తీసి, పైదానికి ఉంచాడు. వైరు ఇప్పుడు చట్రంతోపాటు ఊగుతుంది కాబట్టి కాస్త వదులుగా వదిలి, ఉయ్యాలలాగ కిందికి ఒక వంపు ఇచ్చాడు. వైరు వెంట జారే నీరు ఆ వంపులో కిందపడుతుందిగాని మోటారులోకి ఎక్కదు.

పిన్నుల సంగతి ఒకటి ఉంది. కింద పిన్ను, పై పిన్ను, చట్రం ఊగే పైపు, ఈ మూడూ ఒకే దిక్కుకి ఉండాలి. మాకు మూడూ ఉత్తర దక్షిణాలు. ఒక్కటి మెలిపడినా మళ్లీ కడ్డీ మీద పక్కబలం పడుతుంది. మోటారు జాకీకి పక్కన పొట్టలాగ పొడుచుకొచ్చి ఉంటుంది, అది స్తంభానికి తగిలేలా ఉంది. పక్కకి పావు చుట్టు తిప్పితే సరిపోతుంది గాని అప్పుడు పిన్ను కన్నం అడ్డం తిరుగుతుంది. అందుకే సరిగ్గా సగం చుట్టు తిప్పాడు, పొట్ట స్తంభానికి అవతలికి పోయింది, కన్నం దిక్కు మారలేదు. కడ్డీ మొన కన్నం కొంచెం మెలిపడి ఉంటే చేత్తో తిప్పి సరిచేశాడు. అది కూడా ఎక్కువ తిప్పకూడదు. బోల్టు, నట్టు గుర్తుందా? కడ్డీ తిరిగితే నట్టు తిరుగుతుంది, పొడవు మారిపోతుంది, అది ఆగాల్సిన చోటు తప్పుతుంది. పిన్ను వెయ్యకుండా మోటారు ఆడించినా అంతే, కడ్డీ ఊరికే గిరగిరా తిరుగుతుంది. పనికి పోయిన నట్టుని ఎవరో ఒకరు పట్టుకోవాలి, ఇక్కడ పట్టుకునేది పిన్ను.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఎందుకంటే మన తమ్ముళ్లు అన్నీ చేతులు పెట్టి చూస్తారు. జాకీ విప్పితే చట్రాన్ని పట్టుకునేది ఏమీ ఉండదు, ఒక్కసారి ఊగి తలకి తగులుతుంది. ముందు మోకు తాళ్లతో రెండు పక్కలా స్తంభానికి కట్టారు. మా బాబాయిలు నలుగురు పట్టుకున్నారు. రెండోది, ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్లో కరెంటు ఉంటుంది, ఎండకి స్విచ్చి లేదు. అందుకని స్తంభం దగ్గరున్న స్విచ్చి తీశాకే వైరు ముట్టుకున్నాడు. పిల్లల్ని గీత గీసి దూరం పెట్టాడు. నేను గీత మీద నిలబడి రాసుకున్నాను.

అంతా అయ్యాక ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకసారి నడిపించాడు. మూడు చోట్ల ఆపి కింద కూర్చుని చూశాడు, పొట్ట తగులుతుందా, వైరు లాగుతుందా, చట్రం స్తంభానికి కొట్టుకునేలోపు కడ్డీ తనంతట తాను ఆగుతుందా అని. రెండు చివర్లా ఆపే స్విచ్చిలు జాకీ లోపలే ఉంటాయి. కిందటిసారి ఈ నడిపించి చూడడం ఒక్కటి చేసి ఉంటే వెల్డింగు తప్పు ఆ రోజే బయటపడేది. దానికి పట్టింది కాసేపే.

మర్నాడు పొద్దున్న ఎనిమిదికే నీళ్లు ట్యాంకులో పడ్డ చప్పుడు వినిపించింది. సోమవారం నుంచి చెల్లి బడికెళ్లింది. మధ్యలో పోయిన పాఠాలు మాత్రం ఇంకా పట్టుకోలేకపోతోంది, ముఖ్యంగా భిన్నాలు. ఈ సెలవుల్లో నేను చెప్పాలి.

సంక్రాంతికి మీ ఊళ్లకి వెళ్లినప్పుడు ఇలాంటి ప్యానెళ్లు ఉంటే చూసి రండి. దూరం నుంచే చాలు. జాకీ స్తంభానికి ఏ పక్కన ఉంది, సాయంత్రం కడ్డీ బయట ఉందా లోపల ఉందా, కింద చివర పిన్ను ఉందా వెల్డింగు ఉందా, నీరు పోయే కన్నం తెరిచి ఉందా. రాసుకొచ్చి నాకివ్వండి. నా అట్టముక్కల బొమ్మ వార్డెన్ మేడం గారి బల్ల పక్కన మేకుకి వేలాడదీసి ఉంది, కొలుచుకోవాలంటే తీసుకోండి, గుండుసూది మాత్రం పారెయ్యకండి.